రాయి లేని చోటు

వెతికింది దొరక్కపోతే లోకంలో ఎవరైనా ఏడుస్తారు. మా గదిలో వాళ్లం మాత్రం టీ తెప్పించుకుంటాం. మా ఉద్యోగం అలాంటిది. సూర్యుడి చుట్టూ తిరుగుతూ భూమి దారికి అడ్డొచ్చే గ్రహశకలాలను, అంటే ఆకాశంలో తిరిగే రాళ్లను, ఓ కంట కనిపెట్టి ఉండాలి. ఏ రాయి ఎటు పోతోంది, మన దగ్గరికి ఎప్పుడొస్తుంది, వస్తే ఎంత దూరం నుంచి తప్పుకుంటుంది అన్నది మేం తేల్చాలి. దుర్భిణి దగ్గర రాత్రుళ్లు మేలుకునేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు పంపిన కొలతలు ముందేసుకుని పగలంతా కక్ష్యలు లెక్కగట్టే బాపతు మేం.

గోడకు అవతలి గది వాళ్లది మహర్జాతకం. వాళ్లూ రాళ్లనే వెతుకుతారు గానీ వాళ్లవి గ్రహాలంత రాళ్లు, ఎక్కడో వేరే నక్షత్రాల చుట్టూ తిరిగేవి. ఓ నక్షత్రం వెలుగు వెంట్రుకవాసి తగ్గి మళ్లీ పెరిగిందంటే, దాని ముందు నుంచి ఏదో గ్రహం పోయిందని పట్టేస్తారు. దాని మీద గాలి ఉందా, నీరుందా అని ఏళ్ల తరబడి ఆరా తీస్తారు. ఒక్కటి దొరికితే చాలు, విలేకరులు నవ్వు మొహాలతో వచ్చి ఫొటోలు తీసుకుంటారు. అదే విలేకరులు మా గదికొస్తే వాళ్ల మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క ఉండదు. "చస్తామా, బతుకుతామా? ఒక్క ముక్కలో చెప్పండి మేడమ్," అంటారు. ఒక్క ముక్కలో చెప్పగలిగే పనైతే నాకు జీతమెందుకు ఇస్తారు?

ఆ చలికాలం చివర్లో దొరికిన రాయి మా అందరి నిద్రా పాడుచేసింది. అడ్డంగా వంద మీటర్లకు పైనే ఉంటుందని అంచనా. ఎనిమిదేళ్ల తర్వాత ఒకరోజు భూమిని తగిలే అవకాశం నూటికి ఒక పాలు ఉందని లెక్కల్లో వచ్చింది. అంత రాయి లోకాన్ని ముంచదు గానీ, పడిన చోట ఊరన్నది మిగలదు. పడితే గిడితే ఎక్కడ పడొచ్చో భూమి పటం మీద ఒక గీత గీస్తాం. ఆ గీత రెండు సముద్రాలు దాటి, ఓ ఎడారి దాటి, వెతుక్కుంటూ వచ్చినట్టు మా ఊరి మీద నుంచి పోయింది. మూలిగే నక్క మీదే తాటిపండు పడుతుందంటారు. మా ఇంట్లో ఆ నక్క మా ఆడపడుచు.

ఆమె మా ఆయన చెల్లెలు. మేం మేడ మీద ఉంటాం, వాళ్లు కింద ఉంటారు. వీధి గదిలో రెండు కుట్టుమిషన్లు వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆమె భర్తను నేను అన్నయ్య అంటాను, సిటీ బస్సు నడుపుతాడు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు గానీ మా ఇంట్లో లెక్క తిరగబడింది. మొగుడే సగం, ఆడపడుచు నిండుగా ఒకటి. కూర బాగాలేదని మా ఆయన ఎన్నడూ అనలేదు. ఆ మాట అనే హక్కు మరదలిది.

వాళ్లకు పిల్లల్లేరు. చాలా ఏళ్లు ఎదురుచూసి, ఎక్కని ఆస్పత్రి మెట్టు లేదనిపించుకుని, చివరికి ఒక పాపను పెంచుకుందామని అనుకున్నారు. ఐదేళ్లది. బుగ్గలూ పొట్టా చూసి మరదలు దానికి బుడంకాయ అని పేరు పెట్టింది. రెండేళ్ల క్రితం ఆ పిల్ల కుటుంబం ఉన్న మేడ కూలిపోయింది. పై అంతస్తులన్నీ కింది అంతస్తు మీద కూలబడ్డాయి. శిథిలాలు తీయగా తీయగా, ఒక బల్ల కింద ఈ పిల్ల ఒక్కతే ప్రాణంతో దొరికింది. అప్పటి నుంచి శరణాలయంలో ఉంది. మరదలూ అన్నయ్యా పది నెలలుగా ప్రతి ఆదివారం వెళ్లి చూసొస్తున్నారు. రాబోయే సోమవారం సంతకాలు. మర్నాడు పిల్ల ఇంటికొస్తుంది.

సరిగ్గా అప్పుడే పత్రికల్లో మా గీత అచ్చయింది.

"వదినా, ఇవాళెంత?" రోజూ సాయంత్రం నేను గేటు తీసేసరికి మిషను ఆపి మరదలు అడిగే మాట అదే.

"నూటికి రెండు."

"నిన్న ఒకటిన్నర అన్నావు. ఇదేమన్నా పాల ధరా, రోజూ పెరగడానికి?"

"పెరిగాకే తగ్గుతుందే. దాని పద్ధతే అంత."

"ఏం పద్ధతది, పాడు పద్ధతి!"

పత్రికల వాళ్లకు వందసార్లు చెప్పి విసుగొచ్చింది నాకు. మరదలికి మాత్రం చెప్పబుద్ధేసింది. మెట్టు మీద కూలబడ్డాను.

"నీ కొట్లో కత్తెర కనబడలేదనుకో. పొద్దుట్నుంచి పదిమంది వచ్చి పోయారు. అందరి మీదా తలా కాస్త అనుమానం. ఎనిమిదిమంది సంచులు వెతికావు, లేదు. ఇప్పుడు మిగిలిన ఇద్దరి మీద అనుమానం పెరిగిందా లేదా? పాపం వాళ్లు కొత్తగా చేసిందేం లేదు. వెతకాల్సిన సంచులు తగ్గాయి, అంతే. ఆ రెండూ చూసేస్తే వాటిల్లోనూ ఉండదు, మిషను కింద దొరుకుతుంది. రాయి సంగతీ అంతే. కొత్త కొలత వచ్చినప్పుడల్లా అది పోవడానికి వీల్లేని దారులు కొట్టేస్తున్నాం. మనకు తగిలే దారి ఇంకా మిగిలుంది కాబట్టి అంకె పెరుగుతోంది."

మరదలు చేతిలో దారం ముడి విప్పుతూ విన్నది. తర్వాత తలెత్తి, "కత్తెర వాళ్ల సంచిలోనే ఉంటే?" అంది.

ఇన్నేళ్ల చదువు చదివాను, దాని ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయానని ఒళ్లు మండింది.

"వదినా, నేనొకటి అనుకున్నాను," అంది తనే. "ఆ పిల్ల నెత్తిన ఒకసారి ఇల్లు కూలింది. ఇప్పటికీ ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే బల్ల కిందికి దూరుతుంది. దాన్ని తీసుకొచ్చి, 'పడుతుందట, ఇంకా పడలేదట' అనుకుంటూ ఎనిమిదేళ్లు పెంచమంటావా? వరసలో మా వెనక ఇంకో జంట ఉన్నారు. మంచివాళ్లేనట. వాళ్ల ఊరు నీ గీతకి చాలా దూరం. నేను కనుక్కున్నాను."

"కనుక్కున్నావా? నీకు మతి పోయిందా?"

"కోప్పడకు. ఆదివారం లోగా నువ్వు లేదని తేల్చావా, సంతకం పెడతాను. తేలకపోతే పిల్లని వాళ్లకిమ్మని చెప్పేస్తాను. మీ అన్నయ్యతో కూడా మాట్లాడాను. కానీ వదినా, నన్ను ఊరడించడానికి అబద్ధం చెప్పావో, ఈ జన్మలో నీ మెట్టెక్కను."

అన్నయ్య వరండాలో చిన్న మంచానికి పసుపు రంగు వేస్తున్నాడు. మా వంక చూడలేదు. వేసిన చోటే మళ్లీ మళ్లీ వేస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల నాక్కూడా కావాలి. ఆదివారాలు వాళ్లతో నేనూ వెళ్లిన రోజుల్లో అది నా వేలు పట్టుకునే నడిచింది.

చిక్కేమిటంటే, రాయి దూరమైపోతోంది. రోజురోజుకీ మసకబారుతోంది. ఇంకొన్నాళ్లకు సూర్యుడి వెలుగు చాటుకు పోతే మళ్లీ నాలుగేళ్ల దాకా కనబడదు. కొత్త కొలతలు రావు. అంకె ఎక్కడ ఆగితే అక్కడే నాలుగేళ్లు మా నెత్తిన కూర్చుంటుంది. ఇలాంటప్పుడు మాకు మిగిలేది ఒకటే దారి, పాత ఆకాశాన్ని వెతకడం.

ఆ రాయి ఎనిమిదేళ్ల తర్వాత భూమిని తగిలేదే అయితే, గతంలో ఏ రోజున ఎక్కడ ఉండి ఉండాలో వెనక్కి లెక్కగట్టొచ్చు. నేను బడికి పోయే రోజుల్లో అది ఒకసారి భూమికి దగ్గరగా వచ్చి పోయింది. అప్పట్లో ఫొటోలు గాజు పలకల మీద తీసేవారు. వేరే దేశంలో ఒక పాత వేధశాలలో, అదే రోజున, ఆకాశంలో అదే దిక్కును తీసిన పలక ఒకటుందని తెలిసింది. ఇక లెక్క సులువు. తగిలే దారిలో ఉన్న రాయైతే ఆ పలక మీద ఫలానా చోట ఉండి తీరాలి. ఆ చోట రాయి లేకపోతే, తగిలే దారే లేదు. లేదన్న మాట కోసం ఇంతమంది చకోరపక్షుల్లా చూడటం మా వృత్తిలోనే ఉంటుంది.

ఆ పలకల బాధ్యత చూసే ఆవిడ దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి శుక్రవారం మధ్యాహ్నం పంపింది. మా పెద్దాయన, నేను, ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. పెద్దాయనకు మేం పెట్టుకున్న పేరు దశాంశం. టీలో చక్కెర ఎంత అంటే కూడా చెంచాలో ఎన్నో వంతో చెప్పే మనిషి. లెక్కలో వచ్చిన చోటుకు బొమ్మను జరిపాను.

అక్కడ ఏదో ఉంది. చిన్న గీత, నల్లగా, గోటితో నొక్కినట్టు. ఆ పలకల మీద వెలుగన్నది నల్లగానే పడుతుంది.

తెలిసిన రాళ్లన్నిటి పట్టిక తిరగేశాను. ఆ తేదీకి, ఆ గంటకు, ఆ చోట ఉండాల్సిన రాయి ఇంకేదీ లేదు. దశాంశం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఉందమ్మా," అన్నారు. ఆయన నోట అంకె లేని వాక్యం వినడం నాకదే మొదటిసారి.

ఇంకా ఎవరికీ చెప్పొద్దు, మళ్లీ కొలుద్దాం అన్నారు. సరే అన్నాను. కానీ అబద్ధం చెప్పొద్దని ఇంట్లో ఒకళ్లు ముందే గట్టిగా చెప్పి ఉన్నారు. గేటు చప్పుడుకి మిషను ఆగింది. మరదలు ఎంత అని అడగనేలేదు. నా మొహం చూసి లేచి నిలబడింది.

"ఒకటి కనిపించింది," అన్నాను. "ఇంకా గట్టిగా తేలలేదు. కానీ కనిపించింది."

అరుస్తుందనుకున్నాను, నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "నిజం చెప్పావు, చాలు వదినా," అని లోపలికి పోయింది. వరండాలో అన్నయ్య కుంచె కడిగి, రంగు డబ్బాకు మూత బిగించాడు. చావు కబురు చల్లగా చెప్పడమంటే ఏమిటో ఆ సాయంత్రం తెలిసొచ్చింది. పైకి పోయి మా ఆయన ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన అన్నం కలిపి నా చేతికిచ్చారు.

శనివారం పొద్దున ఆఫీసుకు పోయేసరికి నా దుఃఖమంతా కోపమై కూర్చుంది. ఆ గీతను చూస్తే చాలు, పళ్లు పటపటమంటున్నాయి. కోపంగా చూస్తే కొన్ని బాగా కనబడతాయి కాబోలు. ఆ పలకను గంటసేపు ఆకాశానికి తెరిచి ఉంచారు. దుర్భిణి నక్షత్రాలతో పాటు కదులుతుంది కాబట్టి నక్షత్రాలు చుక్కల్లా పడతాయి. రాయి వాటి మధ్య సొంతంగా కదులుతుంది కాబట్టి గీతలా సాగుతుంది. దగ్గరి రాయి ఎక్కువ కదులుతుంది, గీత పొడుగ్గా ఉండాలి. ఇది చూడబోతే వేలెడంత ఉండాల్సిన చోట గోరంత ఉంది.

"సార్, ఈ గీత పొట్టిగా ఉంది."

"చివర్లు మసకబారి ఉంటాయమ్మా. పాత పలక కదా."

"దీనికంటే మసక నక్షత్రాలు చుట్టూ చక్కగా కనబడుతున్నాయి. దీని చివర్లే ఎందుకు పోయాయి?"

దశాంశం గారికీ నిద్ర లేనట్టుంది, గొంతు పెంచారు. "మరింకేమిటది? తెలిసిన రాళ్లేవీ అక్కడ లేవని నిన్న నువ్వే కదా చెప్పావు!"

"ఆ తేదీకి లేవన్నాను," అని నేనూ గొంతు పెంచాను.

అన్నాక ఇద్దరం ఆగిపోయాం. ఆ తేదీకి లేవు. మరి తేదీ ఆ తేదీయేనా?

గబగబా ముందురోజు పెట్టి చూశాను, ఏమీ లేదు. తర్వాతి రోజు పెట్టాను. వందేళ్లుగా అందరికీ తెలిసిన ఒక ముసలి రాయి, అంగారకుడికి ఆవల తన మానాన తాను తిరిగేది, ఎవరి జోలికీ రానిది, వచ్చి సరిగ్గా ఆ గీత మీద కూర్చుంది. అదే చోటు, అదే వాలు, అదే పొడవు. గీత గీసింది మన శత్రువు కాదు, పక్కింటి తాతగారు.

పలకల ఆవిడకు ఫోన్ చేశాను. సెలవురోజైనా ఎత్తింది.

"మీ పలకల మీద తేదీ ఎలా వేస్తారండీ?"

"ఎలా ఏముంది? సాయంత్రం పైకప్పు తెరిచినప్పుడు ఏ తేదీ ఉంటే తెల్లారేదాకా అదే. రాత్రికి ఒకటే తేదీ. మా పెద్దల నుంచీ అదే పద్ధతి."

"మరి అర్ధరాత్రి దాటాక రెండింటికి తీసిన పలకైతే?"

"అదే తేదీ వేసి, పక్కన రెండు గంటలు అని..." అంటూ ఆగింది. "అయ్యో రాత! కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు మర్నాటి తేదీ వెయ్యాలి కదూ?"

తప్పని ఆవిణ్ణి ఏమనగలను? రాత్రి డ్యూటీ చేసే నర్సుల్ని అడగండి. డ్యూటీకి ఎక్కిన రోజే వాళ్లకు తెల్లారేదాకా నడుస్తుంది. చుక్కల కాపలా కూడా అలాంటిదే. మామూలు మనుషులెవ్వరూ చేయని పొరపాటు, మా వాళ్లకు మాత్రం పుట్టుకతో వచ్చిన పొరపాటు. కంప్యూటరు దగ్గర మాత్రం ఆ తేదీ రెండు గంటలంటే అంతకుముందు రాత్రే. ఒక రోజంతా తేడా. రాయి నిన్న ఉన్న చోట ఇవాళ వెతికి, అక్కడ కూర్చున్న పరాయి తాతను పట్టుకుని గుండెలు బాదుకున్నాం.

తేదీ దిద్ది మళ్లీ లెక్కగట్టాను. తగిలే దారిలో ఉన్న రాయి ఉండాల్సిన చోటు పలకలో ఇంకో మూలకు, అంచు దగ్గరికి జరిగింది. పలక దాటిపోనందుకు దండం పెట్టుకున్నాను. బొమ్మను అటు జరిపాను. దశాంశం గారు కుర్చీలో కూర్చోకుండా నా వెనకే నిలబడ్డారు.

అక్కడ ఏమీ లేదు.

చుట్టూ నక్షత్రాలున్నాయి. మా రాయి కంటే ఎంతో మసకవి కూడా ఉన్నాయి. అంటే రాయి ఉంటే కనబడి తీరేది. ఆ చోటు మాత్రం ఊడ్చిన వాకిలిలా ఖాళీగా ఉంది. కొంచెం అటు చూశాం, కొంచెం ఇటు చూశాం. తగిలే దారులన్నీ కలిపి వేసినా పడే ఆ సన్నటి పట్టీ మీద ఒక్క గీత లేదు. రాయి ఎక్కడో పలక బయట తన దారిన తాను పోతోంది. ఆ దారి మనది కాదు.

ఆ శనివారం ప్రపంచంలో ఈ పని చేసే వాళ్లంతా ఆఫీసుల్లోనే ఉన్నారు. రెండు వేరే దేశాల వాళ్లకు పలకనూ, దిద్దిన తేదీనీ పంపాం. వాళ్లు విడివిడిగా లెక్కగట్టి, చీకటి పడకముందే జవాబిచ్చారు. ఇద్దరిదీ ఒకటే మాట.

"సున్నానా సార్?" అన్నాను.

"సున్నా."

"దశాంశం తర్వాత ఎన్ని సున్నాలు?"

"నీ ఇష్టమమ్మా, చెయ్యి నొప్పెట్టేదాకా పెట్టుకో," అన్నారాయన. అని, గది మధ్యలో నిలబడి పసిపిల్లాడిలా ఏడ్చారు. గోడ అవతలి నుంచి రాతి గ్రహాల వాళ్లు పరిగెత్తుకొచ్చి మా ఇద్దరి మొహాలూ చూసి హడలిపోయారు. ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను. ఆ మాట ఇంత తియ్యగా ఉంటుందని నాకెన్నడూ తెలియలేదు.

మరదలికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. బస్సు దిగి ఇంటిదాకా పరిగెత్తాను. ఈ ఒళ్లేసుకుని ఆ పరుగేమిటని వీధి వీధంతా నవ్వి ఉంటుంది, నవ్వనీ. వీధి గదిలో మిషన్ల మీద గుడ్డ కప్పేసి ఉంది. మరదలు నేల మీద కూర్చుని చిన్న చిన్న గౌన్లు మడతపెట్టి సంచిలో సర్దుతోంది. ఆ పిల్ల కోసం తను కుట్టినవి.

"ఎక్కడికివి?"

"ఆ ఇంకో జంటకి పంపిద్దామని. కొలత సరిగ్గా దానిదే కదా, వాళ్లకి కొనే పని ఉండదు," అంది తల ఎత్తకుండా.

"లేదు," అన్నాను రొప్పుతూ.

"ఏం లేదు?"

"రాయి లేదే! ఉండాల్సిన చోట లేదు. నిన్న కనిపించింది వేరేది. తేదీ తప్పు పడింది. మూడు దేశాల వాళ్లం చూశాం. పడదు. సున్నా."

చేతిలో గౌను అలాగే పట్టుకుని నన్ను గుచ్చి గుచ్చి చూసింది. "నన్ను ఊరడించడానికా?"

"మా ఆయన మీద ఒట్టు."

"మా అన్న మీద ఎందుకు వేస్తావు? ఒట్టేస్తే నీ మీద వేసుకో!"

"సరే, నా మీద ఒట్టు. నిన్న ఉందని చెప్పిన నోరే ఇది. ఇవాళ లేదంటోంది."

ఆ మాటతో నమ్మింది. నమ్మిన మరుక్షణం నా భుజం మీద రెండు దెబ్బలేసింది. "తేదీ తప్పు పడిందా? మీ తేదీలు తగలెయ్య! ఒక రాత్రంతా నా పిల్లని నేను ఇంకొకళ్లకి ఇచ్చేశాను కదే వదినా!" అని నన్ను కావలించుకుని భోరుమంది. నా నెత్తిన పాలు పోసినట్టయింది. పది నెలలుగా ఆ పిల్ల అనే మాట తప్ప నా పిల్ల అనే మాట దాని నోట రాలేదు. అన్నయ్య తలుపు దగ్గర నిలబడి అంతా విని వరండాలోకి పోయాడు. రంగు డబ్బా మూత తీసిన చప్పుడు వినబడింది.

సోమవారం సంతకాలయ్యాయి. మంగళవారం బుడంకాయ మా ఇంటికొచ్చింది. ఒక చేత్తో అన్నయ్య చూపుడువేలు పట్టుకుని, గుమ్మం దగ్గర ఆగిపోయింది. చెప్పులు విప్పమంటే విప్పలేదు. మెడ వెనక్కి వంచి ఇంటి కప్పు వంక చూస్తూ నిలబడింది.

"పైన ఏముంది?" అంది.

మరదలు దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "పైన అత్త ఉంటుంది," అని నన్ను చూపించింది.

పిల్ల నన్ను తల నుంచి కాళ్లదాకా నిదానంగా చూసింది. నా బరువు అంచనా కడుతోందని నాకర్థమైంది.

"పడుతుందా?" అంది.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మరదలు మాత్రం నవ్వలేదు. దాని రెండు చేతులూ పట్టుకుని, కళ్లల్లోకి చూస్తూ చెప్పింది.

"పడదమ్మా. అందరం లెక్క చూశాం."

బుడంకాయ ఇంకోసారి పైకి చూసి, వంగి చెప్పులు విప్పుకుంది.